మూసీ వరద - నగర నిర్మాణం: ఒక చారిత్రక పరిశీలన

హైదరాబాదు గురించి రాసినవాళ్లు దర్బారుల మీద, ముషాయిరాల మీద చూపిన శ్రద్ధ చెరువుల మీద, నాలాల మీద చూపలేదు. ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. నీరు ఎటు పోవాలి, ఎవరి ఇంటి మీదుగా పోవాలి అన్నది ఎప్పుడూ అధికారానికి సంబంధించిన ప్రశ్నే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. చనిపోయినవారు పదిహేను వేలని సాధారణంగా చెబుతారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. రుబాయీల కవిగా పేరు పొందిన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురునూ పోగొట్టుకొని ఒంటరిగా మిగిలాడు. తర్వాత ఆ విషాదాన్నే ఉర్దూ కవిత్వంగా రాశాడు. సాహిత్య విద్యార్థులు ఆయన వేదాంతాన్ని చర్చించేటప్పుడు ఈ సంగతి మరచిపోరాదు.

మూసీని శాంతింపజేయడానికి నిజాం మహబూబ్ అలీఖాన్ స్వయంగా నదికి పూజ చేశాడని ఒక కథ ఉంది. అందులో నిజమెంతైనా, ఏడాది తిరక్కముందే ఆయన ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. విశ్వేశ్వరయ్య నగరంలో కాక నగరానికి ఎగువన వెతికాడు. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయనీ, వాటిలో 221 తెగాయనీ లెక్క తేల్చాడు. గొలుసుకట్టులో పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. అది తెగితే ఆ రెండింటి నీరూ మూడోదాని మీద. కనుక వరదను ఊరి బయటే పట్టి, నిదానంగా వదలాలన్నాడు. ఆ ఆలోచన నుంచే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వరదను ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. తాగునీరు ఇవ్వాలంటే నిండుగా ఉండాలి. కాలక్రమాన రెండో ప్రయోజనమే జనానికి గుర్తుండి, మొదటిది మరుగున పడింది. 1996లో 111వ నంబరు ఉత్తర్వు ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. నగరం ఇప్పుడు తాగునీటికి వాటి మీద ఆధారపడటం లేదన్నది చెప్పిన కారణం. మంజీరా, కృష్ణ, గోదావరి నీళ్లు వచ్చిన మాట నిజమే. ఆ నీళ్లు రావడం వల్ల మూసీ వరద ఆగుతుందా? భూమి ధర ముందు ఈ ప్రశ్న వేసేవాళ్లు తక్కువ.

విశ్వేశ్వరయ్య తనకు దొరికిన వర్షపాతం లెక్కల మీద ఆధారపడ్డాడు. గతంలో పడిన వానే రేపటి వానకు కొలత అన్నది ఆనాటి ఇంజనీరింగు శాస్త్రం. గాలి వేడెక్కితే అది ఎక్కువ తేమను మోస్తుంది. వాన కొద్ది గంటల్లోనే కుంభవృష్టిగా దిగుతుంది. 2020 అక్టోబరులో మునిగినవి మూసీ ఒడ్డు బస్తీలు మాత్రమే కావు. చెరువు శిఖం భూముల్లో, నాలాల పక్కన వెలసిన కాలనీలూ మునిగాయి. పాతబస్తీ వైపు చెరువు కట్టలు తెగాయి. 1909 నివేదిక చెప్పిన జబ్బే ఇది, నగరం లోపలికి వచ్చింది.

1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు వీధులు వెడల్పు చేసింది, ఇరుకు బస్తీలు తొలగించింది, కొన్ని ఇళ్లూ కట్టించింది. ఆరోగ్యం పేరిట జరిగిన ఆ పనిలో మంచిని కాదనలేం. అయితే ఖాళీ చేయవలసి వచ్చింది ఎవరన్నది బోర్డు కట్టిన భవనాల అందం చెప్పదు. 2024లో మూసీ సుందరీకరణ కోసం నదీగర్భంలోని ఇళ్లకు గుర్తులు వేసినప్పుడూ అదే వరస. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లు. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు, అదే నదిలో ప్రభుత్వమే కట్టిన మహాత్మాగాంధీ బస్టాండులోకి నీళ్లు వచ్చాయి. దానికి ఎవరూ గుర్తు వేయలేదు.