వాము పువ్వు

మా అవ్వ పోయినాక ఆమె రేకుపెట్టె తెరిస్తే, చీరల కింద మూడు గాజు సీసాలు దొరికాయి. మూడింటికీ చీటీలు అంటించి ఉన్నాయి, తాత చేతిరాత: వాము పువ్వు, పుదీనా పువ్వు, ముద్ద కర్పూరం. కర్పూరం సీసా ఖాళీ. పుదీనా పువ్వు అడుగున కాస్త పొడి. వాము పువ్వు మాత్రం చక్కెర పలుకుల్లాగ పావు సీసా మిగిలి ఉంది. మూత తీసేసరికి గదంతా వాము వాసన.

మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు రాయడం ఇంట్లో నేర్చుకున్నదే, కాబట్టి మధ్యలో బళ్లారి మాట కనబడితే సర్దుకోండి. బడిలో ఓమ, ఇంట్లో వాము. రెండూ ఒకటేనని తెలియడానికే మాకు కొన్నేళ్లు పట్టింది. ఇక వాము పువ్వు అంటే ఆ చెట్టుకు పూసే పువ్వే అనుకునేవాళ్లం. కాదు. వాము గింజల్ని నీళ్లలో వేసి కాచి, ఆ ఆవిరిని చల్లారిస్తే నీటితోపాటు నూనె దిగుతుంది. ఆ నూనెను చల్లని చోట పెడితే అందులోంచి తెల్లటి పలుకులు పేరుకుంటాయి. వాటికే మనవాళ్లు పువ్వు అని పేరు పెట్టారు. రసాయన శాస్త్రంలో దాని పేరు థైమాల్.

అవ్వ ఈ మూడింటినీ ఒక గిన్నెలో కలిపేది. మూడూ గట్టి పదార్థాలే. నీళ్లు పోయకుండా, పొయ్యి మీద పెట్టకుండానే కాసేపట్లో మూడూ కరిగి నూనెలాంటి ద్రవం అయిపోయేది. పిల్లలం నోరు తెరుచుకుని చూసేవాళ్లం. అది మంత్రం కాదు. విడిగా థైమాల్ దాదాపు 50 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పుదీనా పువ్వు అంటే మెంథాల్ 42 దగ్గర. కలిపినప్పుడు ఒకదాని అమరికను ఇంకొకటి చెడగొట్టి, మామూలు గది వేడికే కరిగిపోతాయి. మందుల శాస్త్రం దీన్ని యూటెక్టిక్ మిశ్రమం అంటుంది. మన ఇళ్లలో దాని పేరు అమృతధార. 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్ సీసాలో కూడా నీలగిరి తైలంతోపాటు ఇవే చుట్టాలు ఉంటాయి.

ఈ పలుకులు ఏమిటో సీమ వాళ్లు కనిపెట్టి మనకు చెప్పారని మేమూ అనుకునేవాళ్లం. వరస కొంచెం వేరే. యూరప్‌లో థైమ్ అనే మొక్క నూనె నుంచి ఇదే పదార్థాన్ని 1719లోనే కాస్పర్ న్యూమన్ తీశాడు. 1853లో లాల్మాండ్ దానికి థైమాల్ అని పేరు పెట్టి, అందులో ఏముందో లెక్క కట్టాడు. ఇక్కడ మన అంగళ్లలో మాత్రం అది ఎప్పటినుంచో అమ్ముతూనే ఉన్నారు. 1874లో ఫ్లూకిగర్, హాన్‌బరీ కలిసి అచ్చువేసిన 'ఫార్మకోగ్రాఫియా'లో పుణేలోనూ దక్కన్‌లో మరికొన్ని చోట్లా 'అజ్వాయిన్ కా ఫూల్' పేరుతో ఈ పలుకులు దుకాణాల్లో దొరుకుతాయని ఉంది. ఆ ఫూల్, థైమ్ నూనెలోని థైమాల్ రెండూ ఒకటేనని 1855లో స్టెన్‌హౌస్, ఆ మరుసటి ఏడు హెయిన్స్ తేల్చారు. అంటే శాస్త్రవేత్తలు చేసింది పేర్లు కలపడం. సరుకు అప్పటికే అంగట్లో ఉంది. టెస్టింగ్ పనిలో మేము రోజూ చూసేదే ఇది: రెండు టీములు ఒకే వస్తువుకు రెండు పేర్లు పెట్టుకుని ఏళ్ల తరబడి నడిపిస్తుంటాయి.

వాము గింజలో నూనె నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లు. ఆ నూనెలో సుమారు మూడో వంతు నుంచి సగం పైచిలుకు థైమాలే. మిగతాదాంట్లో ఎక్కువ పాలు గామా టెర్పినీన్, పారా సైమీన్. థైమ్ మొక్కతో పోలిస్తే వాము నుంచి థైమాల్ తీయడం సులువు, చవక. అందుకే గింజలు బొంబాయి రేవు నుంచి ఓడలెక్కి జర్మనీకి పోయేవి. లైప్‌జిగ్ దగ్గర షిమ్మెల్ కంపెనీ లాంటివి నూనె తీసి, థైమాల్ చేసి ప్రపంచానికంతా అమ్మేవి. మన గింజ, వాళ్ల సీసా.

ఆ థైమాల్‌కు అప్పట్లో అంత గిరాకీ ఎందుకంటే కొంకి పురుగు. ఉత్తికాళ్లతో మట్టిలో నడిచేవాళ్ల చర్మంలోంచి లోపలికి పోయి, పేగుల్లో కరుచుకుని రక్తం తాగే పురుగు ఇది. ఆల్ప్స్ కొండల కింద గొట్టార్డ్ సొరంగం తవ్విన కూలీలు దీనితోనే పాలిపోయి పడిపోయారు. 1880 ప్రాంతంలో ఇటలీలో బొజ్జోలో థైమాల్‌తో దాన్ని పడగొట్టవచ్చని చూపించాడు. 1909లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రాక్‌ఫెల్లర్ కమిషన్ మొదలుపెట్టిన పెద్ద కార్యక్రమం కూడా థైమాల్ మీదే నడిచింది. పెద్దవాళ్లకు 60 గ్రెయిన్లు, అంటే దాదాపు 4 గ్రాములు. ముందు రోజు విరేచనాలకు ఉప్పు, మందు రోజు నూనె, సారా ముట్టకూడదు. ఎందుకంటే థైమాల్ వాటిలో కరిగి రక్తంలోకి ఎక్కితే పురుగుతోపాటు మనిషికీ ప్రమాదం. చిటికెడు వామే కదా అనే మాట ఇక్కడ చెల్లదు.

1914లో యుద్ధం వచ్చింది, జర్మనీ దారి మూసుకుపోయింది. థైమాల్ ధర ఎక్కడికో పోయింది. గింజ ఇక్కడ, వాడకం అక్కడ, మధ్యలో ఉన్న కార్ఖానా శత్రుదేశంలో. చందనం చెక్కదీ అదే కథ. అదీ యుద్ధానికి ముందు జర్మనీకి పోయి నూనె అయ్యేది. మన పక్క మైసూరు సంస్థానం 1916లో బెంగళూరులో సొంతంగా చందన తైలం కార్ఖానా పెట్టింది, 1918కి మైసూరు శాండల్ సబ్బు కూడా వచ్చింది. మనం అప్పుడు మదరాసు ప్రెసిడెన్సీ. వాము నుంచి దేశంలోనే థైమాల్ తీసే పని మొదలైంది గానీ దానికి చందనంలాగ ఒక రాజు, ఒక దివాను దొరకలేదు. యుద్ధం తర్వాత కొంకి పురుగుకు వేరే మందులు వచ్చాయి, థైమాల్‌ను మెటా క్రెసాల్ అనే రసాయనం నుంచి కార్ఖానాలోనే తయారు చేయడమూ నేర్చుకున్నారు. ఇప్పుడు లిస్టరిన్ సీసా మీద థైమాల్ అని ఉంటే అది మన గింజదే అని మురిసిపోనక్కర్లేదు.

ఇంకొక చిక్కు, వాము ఆకు. బజ్జీలు వేసుకునే ఆ దళసరి ఆకు వాము మొక్కది కానే కాదు, అది తులసి కుటుంబం. కన్నడంలో దొడ్డపత్రె అంటారు, అందులో వాము మాటే లేదు కాబట్టి ఈ విషయంలో కన్నడం వాళ్లే నయం. మరి వాసన ఎందుకు కలిసింది? ఆకు నూనెలో కార్వక్రాల్ అనేది ఎక్కువ. థైమాల్‌కు, దానికి అణువుల లెక్క ఒకటే, పది కార్బన్లు, పద్నాలుగు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఒక చిన్న కొమ్మ ఉన్న చోటు మాత్రమే తేడా. మన ముక్కు వాటిని అక్కచెల్లెళ్లుగా పట్టుకుంది.

సూక్ష్మజీవుల్ని చంపడంలోనూ ఇద్దరిదీ ఒకటే పద్ధతి. బాక్టీరియా చుట్టూ కొవ్వుతో అల్లిన పలచటి పొర ఉంటుంది. థైమాల్ అందులో దూరి పొరను వదులు చేస్తుంది, లోపలున్న పొటాషియం, శక్తికి కావాల్సినవన్నీ బయటికి కారిపోతాయి. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో చూస్తే చీముకు కారణమయ్యే స్టెఫిలోకాకస్ లాంటివి తేలిగ్గా లొంగుతాయి. సూడోమోనాస్ లాంటి మొండివి లొంగవు. పళ్లెంలో గెలిచింది కడుపులో గెలవాలని లేదు. కడుపులో నూనె పలచబడుతుంది, తిండిలోని కొవ్వులో కలిసిపోతుంది, కొంత రక్తంలోకి పోతుంది. మరి మందుల అంగట్లో దొరికే ఓమ వాటర్‌లో ఎంత నూనె ఉంటుంది? చాలా కొంచెం. గ్యాసుకు, కడుపునొప్పికి హాయిగా ఉంటుంది, నిజమే. విరేచనాలు ఆపుతుందని మా ఇంట్లో చెప్పుకున్నది వేరే సంగతి. దాని గురించి రాయొద్దని మా అన్న అన్నాడు, అవ్వకు మాట వస్తుందని. వదినతో, అమ్మతో మాట్లాడి, రాయాలనే నిర్ణయానికి వచ్చాం.

మా తాత వాళ్ల ఊరు ఆలూరు తాలూకా. 1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రలోకి పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. చుట్టాలు అటు, కోర్టు ఇటు అన్నట్టుండేదట. కర్నూలు వైపు నల్లరేగడిలో ఇప్పటికీ వానాధారం మీద వాము వేస్తారు. తాత కూడా వేసేవాడు. ఆయన చిట్టా పుస్తకంలో 1954 నాటి ఒక పేజీ ఉంది. మా నాయన తర్వాత పుట్టిన ఆడపిల్లకు అప్పుడు ఎనిమిది నెలలు. "పాపకు విరేచనాలు, వాము నీళ్లు" అని ఒక రోజు. మరుసటి రోజు అదే. మూడో రోజు అదే, పక్కన వాము పువ్వు రెండణాలు. నాలుగో రోజు "బండి బాడుగ, బళ్లారి ఆస్పత్రి". పాప మాట మళ్లీ ఎక్కడా లేదు.

పాపను తీసుకుపోయింది ఎక్కువగా ఒంట్లోంచి నీళ్లు, ఉప్పు పోవడమే. చక్కెర, ఉప్పు సరైన పాళ్లలో కలిపిన నీళ్లు నోటితో పట్టిస్తే బిడ్డ నిలుస్తుందని పెద్ద ఎత్తున రుజువైంది 1971లో, బంగ్లాదేశ్ శరణార్థులకు బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ పట్టించినప్పుడు. అవ్వకు 1954లో ఆ పొట్లం లేదు. ఆమెకు తెలిసిన మందు ఆమె పట్టింది, ఆ మందుకు సీమ వైద్యుల ఒప్పుకోలు కూడా ఉండింది. 1868 నాటి ఇండియా ఫార్మకోపియాలో వాము నూనె, వాము నీళ్లు రెండూ ఉన్నాయి. తప్పు ఆమెది అనడానికి మాకు నోరు రాదు. అయితే ఇప్పటికీ మన ఇళ్లలో మూడు రోజులు వాము నీళ్లే పట్టి కూర్చునేవాళ్లు ఉన్నారు. ఎందుకు చెబుతున్నామంటే, పోయిన ఏడాది మా ఇంట్లోనే రెండో రోజు దాకా అదే జరిగింది. ఓ.ఆర్.ఎస్. పొట్లం అలమరాలోనే ఉండింది.

అవ్వ ఆ పాప పేరు మాకు ఎప్పుడూ చెప్పలేదు. సీసాలు మాత్రం దాచుకుంది. చిట్టాలో ఆ పేజీ తిప్పితే తర్వాతి పేజీ మొదటి లెక్క అదే సిరాతో ఉంది: "వాము రెండు మూటలు, ఆదోని".