గాలి మోసిన లారీ

లారీ కేబిన్లో ఓ వంద కిలోమీటర్లు వెళ్ళినవాళ్ళకి నడుం నొప్పి గురించి వేరే చెప్పక్కర్లేదు. కానీ మొదటి ప్రపంచయుద్ధం నాటి లారీలతో పోలిస్తే ఇది పూలపాన్పే! అప్పట్లో బరువు లారీలకి గట్టి రబ్బరు చక్రాలే. గాలి టైరు తెలీక కాదు. థామ్సన్ 1845లోనే పేటెంట్ తీసుకున్నాడు, డన్‌లప్ 1888లో కొడుకు మూడుచక్రాల సైకిలుకి బిగించాడు. టన్నుల బరువుని గాలి మోస్తుందంటే నమ్మకం కుదరక.

ఆ సంగతి తేల్చేద్దామని 1917లో గుడ్‌ఇయర్ వాళ్ళు గాలి టైర్లేసిన లారీని ఏక్రన్ నుంచి బోస్టన్ పంపారు. పేరు వింగ్‌ఫుట్ ఎక్స్‌ప్రెస్. దారిలో టైర్లు పేలాయి. ఐనా చేరింది.

చిన్న చిన్న కుదుపుల్ని గాలి టైరే మింగేస్తుంది, పెద్దవి కమాన్లు చూసుకుంటాయి. కమాన్లు నిండు బరువుకి లెక్కకట్టి చేస్తారు కాబట్టి ఖాళీ బండే ఎక్కువ ఎత్తేస్తుంది. ఇంకో సంగతి, గాలి తగ్గిస్తే టైరు నేలమీద పరుచుకుని ఇసుకలో పట్టు దొరుకుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో నీళ్ళలోనూ నేలమీదా నడిచిన 'డక్' లారీలో డ్రైవరు సీట్లోంచే గాలి పెంచి, తగ్గించేవాడు.

ఈ కథలో సరుకుంది, వేగముంది, యుద్ధముంది. డ్రైవరు నడుం మాత్రం ఎక్కడా లేదు. దానికి దక్కిన సుఖం కొసరేనని నా అనుమానం. మీరేమంటారు?