లండన్‌లో ఏడు రోజులు, మా ఊళ్ళో ఒక రోజు

దసరా సెలవులకు ముందు మా సమాజ విజ్ఞానం సార్ మాకు ఒక పని ఇచ్చారు. "యూరప్‌లో చరిత్ర ఉన్న ఊరు ఒకటి ఎంచుకోండి. అక్కడ వారం రోజులు ఉంటే ఏ రోజు ఏం చూస్తారో రాసుకుని రండి. బాగుంది, అందంగా ఉంది అని రాస్తే మార్కులు లేవు. మీరు చూసే వస్తువు అక్కడికి ఎట్లా వచ్చిందో రాయాలి" అన్నారు.

నా స్నేహితురాలు రోమ్ తీసుకుంది. మన హంపీకి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ విజయనగరాన్ని రోమ్‌తో పోల్చాడు కదా, అందుకని. ఇంకొకరు పారిస్ తీసుకున్నారు. నేను లండన్ తీసుకున్నాను. కారణం ఉంది. 1800లో నిజాం నవాబు బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను ఇంగ్లీషు కంపెనీకి వదిలేశాడు. అందుకే వీటిని దత్త మండలాలు అన్నారు. మన్రో దొర ఇక్కడికి మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. అప్పటి నుంచి 1947 వరకు మా కుడతిని మీద ఆఖరి మాట లండన్‌దే. మనల్ని అంతకాలం ఏలిన ఊరు ఎట్లా ఉంటుందో చూడాలనుకున్నాను.

మా నాయన నవ్వి, "ముందు బళ్లారి కోట పూర్తిగా చూసినావా?" అన్నాడు. నేను వినలేదు. నోటుబుక్కులో ప్రయాణం రాసుకున్నాను. రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు, అక్కడి నుంచి సుమారు పది గంటల విమానం. పాస్‌పోర్టు, వీసా ముందే తీసుకోవాలి. జూన్ నెల అయితే మంచిది. అక్కడ ఆ నెలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది కాబట్టి ఎక్కువ తిరగవచ్చు.

మొదటి రోజు పాత నగరం. ఇప్పటికి రెండు వేల ఏళ్ళ కిందట, క్రీ.శ. 50 ప్రాంతంలో, రోమన్లు థేమ్స్ నది ఒడ్డున లండీనియం అనే ఊరు కట్టారు. లండన్‌కు అదే మొదలు. 1666లో ఒక రొట్టెల దుకాణంలో మంట రేగి నగరం చాలా భాగం కాలిపోయింది. ఆ తర్వాత క్రిస్టఫర్ రెన్ అనే శిల్పి సెయింట్ పాల్స్ చర్చిని మళ్ళీ కట్టాడు. 1565 తర్వాత కాలిపోయిన మన విజయనగరం మళ్ళీ లేవలేదు. లండన్ లేచింది. రెండు ఊళ్ళూ కాలినవే. కానీ ఒకదానికి తిరిగి వచ్చిన జనం ఉన్నారు, ఇంకొకదానికి లేరు.

రెండో రోజు బ్రిటిష్ మ్యూజియం. లోపలికి పోవడానికి టికెట్టు లేదు. నేను చూడాలనుకున్నది ఒక్కటే, అమరావతి శిల్పాలు. రోమన్లు లండన్‌కు పునాది వేసేనాటికే కృష్ణా తీరంలో అమరావతి స్తూపం ఉంది. అంత పాత రాళ్ళు లండన్‌కు ఎట్లా పోయాయి? ఇక్కడ సార్ చెప్పిన ప్రశ్న నిజంగా పట్టుకుంది నన్ను.

1797లో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి అమరావతికి వచ్చాడు. అప్పటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కొత్త కట్టడాల కోసం ఆ దిబ్బను తవ్వి రాళ్ళు తీసుకుపోతున్నారు. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చేసరికి స్తూపం నడుమ చెరువు తవ్వేశారు. చాలా రాళ్ళు కనిపించకుండా పోయాయి. పాలరాయి లాంటి సున్నపురాయి కదా, కొన్నింటిని సున్నం కోసం కాల్చేశారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మిగిలినవాటిలో కొన్నింటిని మద్రాసుకు పంపాడు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఎండకు వానకు ఆరుబయటే పడి ఉన్నాయి. 1859లో 121 రాళ్ళను ఓడలో లండన్‌కు పంపారు. అక్కడ కూడా వాటికి మర్యాద దొరకలేదు. 1867లో ఫెర్గూసన్ అనే పండితుడు వెతికితే కొన్ని బండ్ల కొట్టంలో కనిపించాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఇప్పుడు అద్దాల గదిలో ఉన్నాయి.

ఇది చదివే ముందు నేను "తెల్లవాళ్ళు మన రాళ్ళు ఎత్తుకుపోయారు" అని ఒక్క వాక్యంలో రాద్దామనుకున్నాను. చదివాక ఆ వాక్యం చాలదనిపించింది. మనల్ని అడగకుండా తీసుకుపోయారు, అది నిజం. కానీ అంతకు ముందు వాటిని సున్నం చేసింది ఎవరు? మనమే. రెండూ రాయకపోతే చరిత్ర సగమే అవుతుంది.

మూడో రోజు లండన్ టవర్. దీనికి టికెట్టు కొనాలి. అక్కడ కిరీటంలో కోహినూరు వజ్రం ఉంది, బరువు 105.6 క్యారెట్లు. అది కృష్ణా నది పక్కన కొల్లూరు గనిలో దొరికిందని చాలామంది నమ్మకం. 1849లో పదేళ్ళ పిల్లవాడైన దులీప్ సింగ్ నుంచి ఒడంబడిక పేరుతో తీసుకున్నారు. పదేళ్ళ పిల్లవాడు పెట్టిన సంతకం ఎంతవరకు సంతకం అవుతుంది? మా తమ్ముడికి పదేళ్ళే. వాడు సంతకం పెట్టేది ప్రోగ్రెస్ కార్డు మీద కూడా కాదు, అక్కడ నాయన పెట్టాల్సిందే. అందుకే ఈ రోజు గురించి ఎక్కువ రాయలేకపోయాను.

నాలుగో రోజు బ్రిటిష్ లైబ్రరీ. అమరావతి దగ్గర మెకంజీ గీయించిన శిల్పాల బొమ్మలు ఇక్కడ ఉన్నాయి. ఆ రాళ్ళలో కొన్ని ఇప్పుడు లేవు, బొమ్మలే మిగిలాయి. మెకంజీ మన హంపీ శిథిలాలకు కూడా 1799లో పటం తయారు చేశాడు. ఆయనకు సాయపడినవాళ్ళలో ముఖ్యులు కావలి వెంకట బొర్రయ్య, ఆయన అన్నదమ్ములు. వీళ్ళు ఏలూరువాళ్ళు. మెకంజీకి మన భాషలు సరిగా రావు. వీళ్ళు ఊరూరా తిరిగి అడిగి రాయించకపోతే కైఫీయత్తులు లేవు. పేరు మాత్రం మెకంజీ సంపుటాలు అని నిలిచింది.

ఐదో రోజు కోసం నేను అన్నిటికంటే ఎక్కువ ఎదురుచూశాను. ఆ రోజు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ది. ఆయన 1798లో కలకత్తాలో పుట్టాడు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చు వేయించాడు. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్య లాంటి పండితులను సొంత డబ్బుతో పెట్టుకుని, తాటాకు ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి చూపించాడు. తర్వాత వ్యాకరణం, నిఘంటువులు రాశాడు.

మధ్యలో 1835 నుంచి 1838 వరకు ఆయన సెలవు మీద లండన్‌లో ఉన్నాడు. అప్పుడు కంపెనీవారి గ్రంథాలయంలో దక్షిణాది భాషల రాతప్రతులు రెండు వేలకు పైగా ఎవరూ ముట్టకుండా పడి ఉండడం చూశాడు. అవి 1811లో చనిపోయిన లేడెన్ అనే పండితుడు పోగు చేసినవి. బ్రౌన్ పట్టుబట్టి వాటిని తిరిగి మద్రాసుకు పంపించాడు. ఇప్పుడు అవి చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. నా నోటుబుక్కులో లండన్ నుంచి తిరిగి వచ్చినవి ఇవి ఒక్కటే. దీని కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను.

ఉద్యోగం మానేసి ఇంగ్లండు వెళ్ళాక 1865లో బ్రౌన్ లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884 డిసెంబరు 12న చనిపోయాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. నేను అక్కడికి పూలు తీసుకుపోతాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పదో తరగతి. వచ్చే ఏడాది పీయూసీకి పోతే ఇంగ్లీషు మీడియమే. మా తమ్ముణ్ణి ఈ ఏడాది తెలుగు బడి మాన్పించి ఇంగ్లీషు మీడియంలో వేశారు. "కర్ణాటకలో ఉంటూ తెలుగు చదివితే ఏమొస్తుంది?" అని చుట్టాలు అడుగుతారు. నాకు జవాబు తెలియదు. నాయన మీద నాకు కోపం కూడా లేదు, వాడి మంచి కోసమే చేశాడు. కానీ ఇంగ్లండువాడు ఒకడు సొంత డబ్బు పెట్టి నేర్చుకున్న భాష, మా తమ్ముడికి ఇంట్లో ఊరికే వచ్చింది. వాడికి చదవడం కూడా వస్తే బాగుండునని ఈ సెలవుల్లో రోజూ ఒక వేమన పద్యం చదివిస్తున్నాను.

ఆరో రోజు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. టిప్పు సుల్తాను కొయ్యపులి ఇక్కడ ఉంది. తెల్ల సిపాయి మీద పడిన పులి బొమ్మ అది. పిడి తిప్పితే సిపాయి మూలుగుతాడు, పులి గర్జిస్తుంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయినప్పుడు తీసుకుపోయారు. బళ్లారి కోట కూడా హైదర్ ఆలీ, టిప్పుల చేతిలో ఉన్నదే. కోట కట్టిన ఫ్రెంచి ఇంజనీరును, పక్క కొండ ఎత్తుగా ఉందని తర్వాత తెలిసి, హైదర్ ఉరి తీయించాడని మా దగ్గర అందరూ చెప్పుకుంటారు. సాయంత్రం గ్రీనిచ్. ప్రపంచ గడియారాలకు సున్నా గీత అక్కడ ఉంది. మన దేశం గడియారం గీత 82.5 డిగ్రీలది. అది మన కాకినాడ దగ్గరగా పోతుంది.

ఏడో రోజుకు నాకు ఏమీ దొరకలేదు. షాపింగ్ అని రాసి సార్‌కు చూపించాను. సార్ అది కొట్టేసి, "మన బూదికనుమ గురించి లండన్‌లో ఏముందో చూడు" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. మా ఊళ్ళో బూడిద అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది థర్మల్ విద్యుత్ కేంద్రం. బళ్లారి నుంచి హోసపేట పోయే దారిలో బూదిగుంట ఉందని తెలుసు కానీ, బస్సులో పోతూ ఎన్నోసార్లు దాటినా ఒక్కసారీ తల తిప్పి చూడలేదు. రాక్షసులను కాల్చిన బూడిద అని మా అవ్వ చెప్పేది, అంతే.

వెతికితే తెలిసింది. మద్రాసు సైన్యంలోని న్యూబోల్డ్ అనే కెప్టెన్ ఈ జిల్లా బూదిగుంటల గురించి రాసినది 1843లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. బళ్లారి చుట్టుపక్కల రాతి పనిముట్లు ఏరిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఇది పశువుల పేడ కాల్చిన బూడిద అన్నాడు. చాలామంది ఒప్పుకోలేదు. 1957లో రేమండ్ ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఇట్లాంటి గుంటనే తవ్వాడు. దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుర్తులు, పశువుల గిట్టల అచ్చులు కనిపించాయి. బళ్లారి జిల్లా బూడిదను లండన్‌లోని పురాతత్త్వ సంస్థలో జోయినర్ అనే శాస్త్రవేత్త పరీక్షించి, 1960లో ప్రకటించాడు. అది పేడ బూడిదే. మన మొదటి రైతులు, నాలుగైదు వేల ఏళ్ళ కిందట, మందను కట్టేసిన దొడ్లలో పేడ పోగై, దాన్ని మళ్ళీ మళ్ళీ కాలిస్తే ఏర్పడిన దిబ్బ. సంక్రాంతికి కర్ణాటకలో కొన్నిచోట్ల పశువులను మంట దాటిస్తారు. అప్పటివాళ్ళూ అట్లాంటి పండుగేదో చేసుకునేవారేమో అని ఆల్చిన్ అనుకున్నాడు.

ఆ సంస్థ ఇప్పుడు లండన్ యూనివర్సిటీ కాలేజీలో భాగం, గోర్డన్ స్క్వేర్‌లో ఉంది. నా ఏడో రోజు అక్కడే.

ఇప్పుడు లెక్క చూడండి. లండన్ వయసు రెండు వేల ఏళ్ళు. మా బూదిగుంట వయసు దానికి రెట్టింపు. అంత దూరం పోయి నేను చూడాలనుకున్న ఊరు, మా బస్సు కిటికీలోంచి కనిపించే దిబ్బ కంటే చిన్నది!

ఇంటికి వచ్చి ఇది చెబితే తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేము చిన్నప్పుడు ఒక బూదిగుంట నుంచి బండ్లతో బూడిద తోలుకొచ్చి చేనికి వేసినాము. మంచి ఎరువు. ఎవరూ వద్దనలేదు" అన్నాడు. ఈ ప్రాంతంలో బూదిగుంటలు చాలా వరకు అట్లానే ఎరువుకు, రోడ్లకు కరిగిపోయాయి. నాకు వెంటనే అమరావతి సున్నం గుర్తొచ్చింది. తాతది తప్పు అని అనలేను. అదేమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పారు. ఇక మీదట నాకు తెలియదు అనడానికి లేదు.

మరుసటి శనివారం సార్, మేము ఎనిమిది మంది బూదికనుమకు పోయాం. వీసా లేదు, టికెట్టు లేదు. కొన్నిచోట్ల బూడిద మెత్తగా ఉంది, కొన్నిచోట్ల వేడికి కరిగి గట్టిపడిన గడ్డలున్నాయి, నురుగు గడ్డకట్టినట్టు చిల్లులు చిల్లులుగా. ఒకడు గడ్డను జేబులో వేసుకోబోయాడు. సార్ ఏమీ అనలేదు. నేనే "అమరావతి" అన్నాను. వాడు తీసి ఉన్నచోట పెట్టేశాడు.

తోటి విద్యార్థులారా, ఎప్పుడైనా లండన్ పోయే అవకాశం వస్తే పోండి. బ్రౌన్ సమాధి దగ్గర నా పేరు చెప్పి పూలు పెట్టండి. ఈలోగా హోసపేట బస్సు ఎక్కినప్పుడు ఒకసారి కిటికీలోంచి చూడండి. పక్కన కూర్చున్నవాళ్ళకు అదేమిటో చెప్పండి. తాత అన్నట్టు "ఎవరూ చెప్పలేదు" అనే మాట మన తర్వాతి పిల్లలు అనకూడదు.