సొరుగు పిడి చెప్పే చరిత్ర

పాత చెక్క బీరువా సొరుగుకు పిడి ఊడిపోతే రంధ్రం మాత్రం మిగులుతుంది. ఆ బీరువా వయసు చెప్పే ఆధారాల్లో అదొకటి. ఎలాగంటారా?

ఇంగ్లండులో 17వ శతాబ్దం చివర, సొరుగులకు నీటిబొట్టులా వేలాడే ఇత్తడి పిడులుండేవి. వంచిన తీగను ఒకే రంధ్రంలో దూర్చి, లోపలివైపు కొసలను విడదీసి చెక్కలోకి కొట్టేవారు. 18వ శతాబ్దంలో వంపు పిడి వచ్చింది. రంధ్రాలు రెండయ్యాయి, క్రమంగా తీగ స్థానంలో మర, నట్టు వచ్చాయి. అచ్చుతో లోహపు రేకులపై నగిషీలు ఒత్తే పద్ధతికి 1769లో జాన్ పికరింగ్ పేటెంటు పొందాక పలుచని రేకు పిడులు వ్యాపించాయి.

మర చుట్లకు ఒకే ప్రమాణం ఉండాలని జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించాడు. అంతకుముందు ఒక్కో కార్ఖానాది ఒక్కో కొలత. అందుకే ఒక పాత పిడి నట్టు మరోదానికి పట్టకపోవచ్చు.

మరి పోయిన పిడి స్థానంలో ఏం పెట్టాలి? మిగిలిన పిడిని నమూనాగా తీసుకుని పోత పోయించవచ్చు. అయితే ఇత్తడి చల్లారేటప్పుడు సుమారు 1.5 శాతం కుదించుకుపోతుంది. 80 మిల్లీమీటర్ల నమూనాకు నకలు 79 దగ్గరే వస్తుంది. కనుక నమూనానే కాస్త పెద్దదిగా చేయాలి. అంతేగాని నకలుకు సరిపోయేలా చెక్కకు కొత్త రంధ్రం వేయకూడదు. వేస్తే, రేపు దాన్ని పరిశీలించేవారికి ఏది అసలు రంధ్రమో తెలియదు.