పాతకారునకు ప్రామాణికగ్రంథ మేది?

విజయనగరమునుండి సాలూరు మీదుగా కొరాపుట్టునకు పోవు కనుమదారి పాతకార్లకు ఒక పరీక్ష. ఎక్కునపుడు రేడియేటరులోని నీరు మసలును. దిగునపుడు బరువంతయు బ్రేకులపై బడును. తండ్రిగారినాటి కారును అట్టి దారిలో నడుపదలచినవాడు మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: దీని మరమ్మతునకు ఏ పుస్తకము ప్రమాణము? ఆ ప్రశ్నకు సమాధానము కారు చరిత్రలోనే దొరకును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో పాతకారనగానే పలువురకు స్ఫురించునది అంబాసిడరు గనుక, దాని కథనే ఉదాహరణముగా గ్రహింతము.

ఈ కారునకు మాతృక ఆంగ్లదేశమున, ఆక్స్‌ఫర్డు చెంతనున్న కౌలీలో 1956లో వెలువడిన మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవశ్రేణి కారు. 1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్సువారు దానిని పశ్చిమ వంగరాష్ట్రమందలి ఉత్తరపారాలో 1958 నుండి అంబాసిడరు అను పేర తయారుచేసిరి. 2014లో ఉత్పత్తి నిలిచిపోవువరకు దాని ఆకారము స్వల్పముగానే మారినది. ఈలోగా 1979లో విజయనగరము ప్రత్యేకజిల్లా యైనది. జిల్లా హద్దులు మారినను, వీధిలో నిలిచిన కారు రూపు మాత్రము చూపరులకు ఒక్కటిగానే యుండెను.

చిక్కంతయు ఆ పోలికలోనే యున్నది. తొలినాటి అంబాసిడరులో, అంతకుముందు వచ్చిన లాండ్‌మాస్టరు కారులోని 1476 ఘనసెంటీమీటర్ల ఇంజనునే అమర్చిరి. దానిలో వాల్వులు సిలిండరు ప్రక్కన నుండును. 1959లో దాని స్థానమున 1489 ఘనసెంటీమీటర్ల ఇంజను వచ్చెను. దీనిలో వాల్వులు సిలిండరు పైభాగమున నుండును. ఆంగ్లదేశపు మూడవశ్రేణి కారులో మొదటినుండియు నున్నది ఈ రెండవ ఇంజనే. కావున తొలినాటి అంబాసిడరు గలవాడు పేరునుబట్టి మూడవశ్రేణి పుస్తకము కొనినచో, బాడీని గూర్చిన అధ్యాయములు చాలవరకు ఉపకరించును. ఇంజను అధ్యాయము మాత్రము వేరొక ఇంజనును గూర్చి చెప్పుచుండును. అతని ఇంజను వివరములు 1948 మొదలు 1954 వరకు వచ్చిన మారిస్ ఆక్స్‌ఫర్డు ఎం.ఓ. పుస్తకమున దొరకును. ఒక కారునకు రెండు పుస్తకములు కావలసివచ్చుట వింతగా తోచును గాని, చరిత్ర తెలిసినవారికి అది సహజమే.

ఇంతటితో కథ ముగియలేదు. కాలక్రమమున అంబాసిడరులో డీజిలు ఇంజను వచ్చినది. 1990ల తొలిసంవత్సరములలో జపానుదేశపు ఇసుజు సంస్థకు చెందిన 1817 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను వచ్చినది. పాత ఇంజనునకు అంగుళముల పానాలు కావలెను. ఇసుజు ఇంజనునకు మిల్లీమీటర్ల పానాలు కావలెను. పైగా ఎన్నో చేతులు మారిన కారులో ఏనాడో ఎవరో ఇంజనునే మార్చియుండవచ్చును. కాబట్టి పుస్తకము కొనుటకు ముందు ఛాసిస్ సంఖ్యను, ఇంజను సంఖ్యను స్వయముగా చదివి వ్రాసికొనవలెను. ప్రాతిపదిక ఆ సంఖ్యలేగాని వెనుక అతికించిన పేరు కాదు.

పుస్తకములు ముఖ్యముగా మూడు విధములు. యజమానికిచ్చు చిన్నపుస్తకము నడుపుట, కందెన వేయుట మొదలగు నిత్యకృత్యములను దెల్పును. వర్క్‌షాపు మాన్యుయల్ విప్పుట, కొలుచుట, కూర్చుట నేర్పును. విడిభాగముల పట్టిక ప్రతి భాగమునకు బొమ్మను, సంఖ్యను ఇచ్చును. అంగడిలో దొరకిన వస్తువు మనదో కాదో తేల్చునది ఇదియే. సంస్థలు ముద్రించిన మాన్యుయళ్లు పనినేర్చిన మేస్త్రీల నుద్దేశించినవి. 1966లో జాన్ హేన్స్ అను ఆంగ్లేయుడు ఆస్టిన్ హీలీ స్ప్రైటు కారును గూర్చి ప్రకటించిన పుస్తకము మరొకదారి త్రొక్కినది. కారును పూర్తిగా విప్పి, మరల కూర్చి, ఆ క్రమమును ఛాయాచిత్రములతో చూపుటచే సామాన్య యజమానికిని ధైర్యము కలిగినది. క్రొత్తగా కారు చేపట్టినవాడు మొదట విడిభాగముల పట్టికను, తరువాత వర్క్‌షాపు మాన్యుయల్‌ను సంపాదించుట మేలని మా యభిప్రాయము.

అయినను పాతపుస్తకము చెప్పినదెల్ల నేడు ఆచరణీయము కాదు. ఆనాటి బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండెడిది. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని నేడు మన మెరుగుదుము. దానిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. పుస్తకములోని నూనెల పేళ్లు కొన్ని నేడు అంగడిలో లేవు. చిక్కదనపు సంఖ్యనుబట్టి సరియైనదానిని ఎన్నుకొనవలెను. బ్రేకులలో బ్రేకు ద్రవమునకు బదులు ఇంజను నూనె పోసినచో రబ్బరు కప్పులు ఉబ్బి చెడును. సాలూరు కనుమలో అట్టి పొరపాటునకు క్షమ లేదు.

ప్రభుత్వమువారు 2021లో చేసిన నిబంధనలవలన ఈ విషయమునకు మరియొక ప్రాధాన్యము వచ్చినది. ఏబదియేండ్లు నిండి, ఛాసిస్, బాడీ, ఇంజను మౌలికముగా మార్పు చెందని వాహనములను ప్రత్యేకముగా 'వి.ఎ.' అక్షరములతో నమోదు చేయించుకొనవచ్చును. కారు తొలిరూప మేదో తెలిసికొనుటకు పాతపుస్తకము చక్కని ఆధారము.

చివరకు చెప్పవలసినది ఒకటి కలదు. ఈ పుస్తకములు ఆంగ్లమున నున్నవి. మన మేస్త్రీల విద్య తెలుగున, వారి చేతులలో, చెవులలో నున్నది. కళింగపట్నపు ఉప్పుగాలికి ఏ అంచు ముందుగా త్రుప్పుపట్టునో కౌలీలో వ్రాసిన పుస్తకము చెప్పదు. ఇచ్చటి వృద్ధమేస్త్రీ చెప్పును. శ్రీకాకుళపు సీమలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలను ఇంటనుంచుకొని, వారి నోటినుండి విని నేర్చి, ఆ భాషకు మాన్యుయల్ రచించిరి. అది 1931లో మదరాసున ప్రకటితమైనది. నోటిలోనున్న విద్య పుస్తకమునకెక్కు మార్గమును ఆయన మన ప్రాంతముననే చూపిరి. కారు యజమాని కొన్న గ్రంథముల ప్రక్కన ఒక తెల్లకాగితముల పుస్తకము నుంచుకొని, మేస్త్రీ చెప్పిన ప్రతిమాటను తేదీతో వ్రాసికొనునుగాక. కారు కొడుకుచేతికి పోవునాటికి ఆ మేస్త్రీ ఉండకపోవచ్చును. ఆ నాలుగవ పుస్తకము ఉండును.