తిట్ల చరిత్ర – 4 : ‘బజారుది’ అనే మాట



పోయిన భాగం చదివి ఒక డిగ్రీ విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "మేడమ్, ఆడవాళ్ల మీద ఈ బూతులన్నీ ఫోన్లు వచ్చాకే కదా?" అని. ఫోన్ వచ్చాక వేగం పెరిగింది, తిట్టేవాడికి ముసుగు దొరికింది, ఒక్కడు మొదలుపెడితే గంటలో వందమంది పోగవుతున్నారు. అంతవరకు కొత్తే. తిట్టు మాత్రం పాతది. ఆడది నలుగురిలో నోరు విప్పితే ఆమె అన్నదానికి జవాబు చెప్పకుండా ఆమె ఒంటి గురించీ పుట్టుక గురించీ మాట్లాడటం మన సాహిత్య చరిత్రలోనే నూరేళ్లకు పైగా అచ్చులో ఉంది.

ముందు మాట సంగతి చూద్దాం. మగవాడు బజారుకెళ్తే సరుకులు తెస్తాడు. ఆడది బజారుకెక్కితే పరువు పోతుంది. ‘బజారు వెధవ’ అని మగవాణ్ణీ తిడతారు, నిజమే, కానీ అందులో వాడు ఒళ్లు అమ్ముకుంటాడన్న అర్థం రాదు. ‘బజారుది’ అంటే వేరే అర్థమే రాదు. పైగా ఈ మాటలో కులం కూర్చుని ఉంది. గడప దాటకుండా బతకగలిగిన ఆడవాళ్లు ఎవరు? నాట్లకూ కలుపుకూ కోతకూ, వీధి ఊడ్చే పనికీ పోయిన మా అమ్మమ్మలకు లోపల కూర్చునే వెసులుబాటు ఏనాడూ లేదు. బయట ఉండటమే తప్పయితే ఆ తప్పు వాళ్ల మీద పుట్టుకతోనే రాసి పెట్టారన్నమాట.

1848లో పూనాలో సావిత్రీబాయి ఫూలే ఆడపిల్లలకు బడి చెప్పడానికి నడిచి వెళ్లేది. దారిలో పేడ, బురద, రాళ్లు విసిరేవాళ్లు. బడికి చేరాక మార్చుకోవడానికి ఇంకో చీర సంచిలో పెట్టుకుని వెళ్లేది. ఈ కథ మనం ప్రతి జనవరి 3న చెప్పుకుంటాం. అయితే ఒక్కటి గమనించండి. విసిరినవాళ్లు ఆమె చెప్పే పాఠంలో తప్పు పట్టలేదు. ఆ దారిలో ఆమె నడవకూడదన్నారు, అంతే.

ఇక మన తెలుగు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో, ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. కావ్యంలో తన వంశపు ఆడవాళ్ల గురించి గర్వంగా చెప్పుకుంది. కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో ఆమె దగ్గరికొచ్చేసరికి కావ్యం కన్నా ఆమె వేశ్య కావడమే పెద్ద విషయమైంది. ఆడదాని నోటి నుంచి రాకూడని శృంగారం రాసిందని ఆయన అభ్యంతరం. వితంతు వివాహాలు చేయించిన మనిషి ఆయన. ఆ గౌరవం ఆయనకు ఉండనివ్వండి, కానీ ఈ పేజీ ఆయన ఖాతాలోంచి చింపేయలేం.

జవాబు చెప్పింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె కూడా దేవదాసి కుటుంబం నుంచి వచ్చిందే. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించింది ఈమే. 1910లో ‘రాధికా సాంత్వనము’ను పూర్తిగా అచ్చు వేయించి, ముందుమాటలో వీరేశలింగాన్ని నేరుగా నిలదీసింది. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా, ఇంతకన్నా పచ్చిగా రాసిన మగకవులను నెత్తిన పెట్టుకుంటున్నారు కదా అని. వాదన గట్టిదే. ఎదురు వాదన రాలేదు, పోలీసులు వచ్చారు. 1911లో అశ్లీలమని ప్రతులు పట్టుకుపోయారు. ఆ నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం దాకా, అంటే 1946-47 దాకా ఆగాల్సి వచ్చింది. ముప్ఫై అయిదేళ్లు!

ఎనభైల్లో స్త్రీవాద కవులు తమ ఒంటి గురించి తామే రాసుకుంటే వాటికి ‘నీలి కవితలు’ అని పేరు పెట్టారు. నీలి సినిమాలన్న అర్థంలో. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన స్త్రీవాద కవితల సంకలనం పేరు ‘నీలిమేఘాలు’. ఆ తర్వాత చల్లపల్లి స్వరూపరాణి, గోగు శ్యామల, జూపాక సుభద్ర వచ్చారు. 2003లో ‘నల్లపొద్దు’, 2006లో ‘నల్లరేగటి సాల్లు’. నీలి పోయి నలుపు రావడం ఊరికే కాదు. మా మీద పడే తిట్టులో ఆడతనం, కులం రెండు మాటలుగా రావు, ఒకే మాటగా వస్తాయి. ఆధిపత్య కులం ఆడదాన్ని ‘సిగ్గులేనిది’ అంటారు. మమ్మల్ని తిట్టాలంటే కులం పేరు పలికితే చాలు, మిగతాది అందులోనే ఉందనుకుంటారు.

మొన్న మా విద్యార్థిని ఒకమ్మాయి రిజర్వేషన్ల మీద నాలుగు పేరాలు రాసింది. బాగా రాసింది. కింద వచ్చిన కామెంట్లు నాకు చూపించింది. నూటికి పైనే ఉన్నాయి, రిజర్వేషన్ గురించి ఒక్కటీ లేదు. ఏ హాస్టల్, రేటెంత, మీవాళ్లంతా ఇంతే. 2021 జూలైలో, మళ్లీ 2022 జనవరి 1న ముస్లిం ఆడవాళ్ల ఫోటోలు యాప్‌లలో పెట్టి ‘వేలం’ వేశారే, అక్కడా ఇదే లెక్క. వాళ్లలో జర్నలిస్టులున్నారు, యాక్టివిస్టులున్నారు. బయటికి వచ్చి మాట్లాడావా, అయితే నువ్వు అమ్మకానికి ఉన్నట్టే.

ఇప్పుడు చట్టం. స్టేషన్‌కు వెళ్తే సాధారణంగా ఐటీ చట్టం 67వ సెక్షన్ పెడతారు. అది అశ్లీలం గురించిన సెక్షన్. 1911లో ముద్దుపళని పుస్తకంలో వెతికిందీ అదే. అమ్మాయికి జరిగిన అవమానం ఆ కొలతలో పట్టదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. అందులో 3(1)(ఎస్) జనం కంటపడే చోట కులం పేరుతో తిట్టడం గురించి. 3(1)(డబ్ల్యూ)(ii) దళిత, ఆదివాసీ స్త్రీ అని తెలిసీ ఆమె మీద లైంగికమైన మాటలు వాడటం గురించి. ఈ రెండోది చాలామందికి తెలియదు, అడిగి పెట్టించాలి.

"ఆన్‌లైన్ జనం కంటపడే చోటు ఎలా అవుతుంది?" అని వాదిస్తారు. 2022లో కేరళ హైకోర్టు ముందు ఒక యూట్యూబ్ ఛానల్ మనిషి అదే వాదించాడు, తిట్టినప్పుడు ఆమె ఎదురుగా లేదని. వీడియో తెరిచిన ప్రతిసారీ చూసేవాళ్లు అక్కడ ఉన్నట్టే లెక్క అని కోర్టు చెప్పి, ముందస్తు బెయిల్ నిరాకరించింది. అంటే ఇది బజారేనని కోర్టు కూడా ఒప్పుకుంది.

ఆ అమ్మాయి పోస్టు తీసేయలేదు. కామెంట్ల స్క్రీన్‌షాట్లు, లింకులు, తేదీలు, టైములతో సహా ఇద్దరం కూర్చుని దాచాం. ఫిర్యాదు రాయడంలో సాయపడగల లాయర్లు ఎవరైనా ఉంటే నాకు ఇన్‌బాక్స్‌లో చెప్పండి. వచ్చే ఆదివారం ‘జోగిని’ అనే మాట.

(ఇంకా ఉంది)