వెల్లలో నీలిమందు

మార్కాపురం, పెద్దారవీడు ప్రాంతపు పాత ఇళ్లలో గోడ రంగును ఇంటివాళ్ల ముచ్చట కంటే ముందు ఎండే తేల్చేది. నల్లమల అంచున వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. వేడి లోపలికి రాకుండా కిటికీలు చిన్నవిగా పెడితే గది చీకటయ్యేది. ఆ చీకటికి మందు వెల్ల. పండక్కో, ఇంట్లో పెళ్లి కుదిరితేనో సున్నం తడిపి, వడగట్టి, బంక కలిపి కుంచెతో పూసేవారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఆ పూత తిరిగి సున్నపురాయిలా గట్టిపడుతుంది. దూరిన కాస్త వెలుగునూ మూలమూలకీ పంచుతుంది.

వట్టి సున్నం కొంచెం పసుపు కొడుతుంది. అందుకే నీలిమందు. కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాల్లోనూ కిలో సున్నానికి 3 గ్రాముల దాకా అని ఉంది. మోతాదు పెరిగితే గోడ నీలమే. కావాలని పెంచినవాళ్లూ ఉన్నారు. మిట్టమధ్యాహ్నం చేలోంచి వచ్చినవాడికి ఆ నీలి గది చల్లగా తోస్తుంది. ఉష్ణమాపకం మాత్రం ఒప్పుకోదు.

గోడ అడుగున మోకాలెత్తు ఎర్రమన్ను పట్టీ వాన చిందులు, ఆనుకున్న వీపుల జిడ్డు కనబడనీయదు. అందం తరవాతి సంగతి, నా లెక్కలో.

డిస్టెంపర్ వచ్చాక లెక్క మారింది. 1942లో బొంబాయిలో పుట్టిన ఏషియన్ పెయింట్స్‌కు 1954లో ఆర్.కె.లక్ష్మణ్ గట్టు అనే బుడతణ్ణి గీసిచ్చారు. రంగు ఇక సరదా. ఆ వెనకే రంగుల మనస్తత్వశాస్త్రం. 1979లో అమెరికాలో సియాటిల్ నౌకాదళ జైలు గదికి గులాబీ రంగు వేస్తే ఖైదీల కోపం తగ్గిందన్నారు. తరవాత స్విట్జర్లాండ్ జైల్లో పరీక్షిస్తే ఆ మహిమ కనిపించలేదు.

అలాగని గోడ రంగు మనసును తాకదనలేం. 2020లో మన ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేశారన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది! రంగు ఏం గుర్తుచేస్తుందన్నదే అక్కడి తగాదా. ఇంట్లోనూ అంతే: అమ్మమ్మగారి నీలిగోడ ఒకరికి హాయి, ఇంకొకరికి ఆసుపత్రి వార్డు.

ఇప్పుడు గోడలకు మార్కాపురం పలకరాయి అతికించుకునేవాళ్లున్నారు. ఇంటి ముందు బాగుంటుంది గానీ ఒక్క కిటికీ గదిలో ఆ ముదురు రాయి వెలుగును మింగేస్తుంది. అక్కడ నా ఓటు సున్నానికే. కాకపోతే ఎమల్షన్ మీద సున్నం నిలవదు, పాత పూతంతా గీకించాలి.